నలభై మంది ఉత్తుత్తి రోగులు

“సిస్టరమ్మా, మా గంగామణి నన్ను గుర్తుపడ్తలేదు!”

మంగవ్వ కేక విని కుల్సుమ్ చేతిలోని సెలైన్ సీసాను పక్క నర్సుకు అందించి పరుగెత్తింది. స్ట్రెచర్ మీద మంగవ్వ కోడలు గంగామణి. ముప్కాల్ ఊరి పిల్ల, ఇరవై నాలుగేళ్లు, ఏడో నెల. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూపు ఎక్కడా నిలవడం లేదు. తెల్లగుడ్లు పసుపుకొమ్ము విరిస్తే లోపల కనబడే రంగులో ఉన్నాయి.

“గంగామణీ, ఇటు చూడు. గివి ఎన్ని వేళ్లు?”

ఆ పిల్ల నవ్వింది. “మా అత్త ఏడ వోయింది?” అని అడిగింది, అత్త చెయ్యి పట్టుకునే.

కుల్సుమ్ చూపిన వేళ్లను మెల్లగా దించింది. ఇరవై రెండేళ్ల నౌకరీలో ఆమె ఎన్నో కామెర్లు చూసింది. కామెర్లు మెదడు దాకా పోతే మనిషి ఇట్లాగే మాట్లాడుతుంది. నెలన్నర కింద ఇదే స్ట్రెచర్ మీద ఇదే పిల్ల నవ్వు ఆపుకోలేక కొంగు మొహాన కప్పుకున్నది. అది ఉత్తుత్తి ప్రమాదం. ఆ నవ్వు వేరు, ఈ నవ్వు వేరు.

“ముందు చక్కెర చూడండి!” అంటూ డాక్టర్ అంకిత దూసుకొచ్చింది. వేలు గుచ్చి చూస్తే చక్కెర అడుగంటింది. వెంటనే గ్లూకోజ్ పెట్టారు.

అంకిత ఈ దవాఖాన డాక్టరు కాదు. హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆపద ముంచుకొస్తే ఏ దవాఖాన నిలబడుతుంది, ఏది కూలబడుతుంది అని ఊరూరా తిరిగి కొలవడం, వందకు ఇన్ని అని మార్కులు వేయడం ఆమె పని. ఆర్మూర్ పసుపు వ్యాపారులు చందాలేసుకుని కట్టించిన ఈ నలభై పడకల ధర్మ దవాఖానకు, జనం నోట ‘సేట్ల దవాఖాన’కు, ఆమె తొంభై మూడు వేసింది. ఆ సర్టిఫికెట్ ఇచ్చిపోదామని పొద్దున్నే వచ్చి, వార్డు చూసి, బ్యాగు మూలన పడేసి కుర్తా చేతులు పైకి మడిచింది.

ఆమె ఫోను మోగింది. ల్యాబు నుంచి. విని, కుల్సుమ్‌ను పక్కకు లాగింది.

“హెపటైటిస్-ఇ. నీళ్ల నుంచి వచ్చేది. మామూలు మనుషులైతే నెలలో తేరుకుంటారు. కానీ నెలలు నిండుతున్న గర్భిణికి సోకితే...”

“నలుగురిల ఒక్కరు దక్కరు,” అన్నది కుల్సుమ్ మెల్లగా, మంగవ్వ వినకుండా.

అంబులెన్స్ డ్రైవర్ మల్లేష్ అప్పటికే ఇంజన్ స్టార్ట్ చేశాడు. “అరగంటల నిజామాబాద్ల ఉండాలె మల్లేష్. సీసా అయిపోతే ఆగకు, ఎంబడొచ్చే సిస్టర్ ఇంకోటి పెడ్తది. ఏదన్నా ఉంటె నాకు ఫోన్ గొట్టు,” అన్నది కుల్సుమ్.

“ఫికర్ జెయ్యకు అక్కా. గాలిల తీస్కపోత.”

బండి గేటు దాటింది. గంగామణి ఇరవై ఒకటో కేసు. నాలుగు రోజుల్లో ఇరవై ఒక్క మంది!

కుల్సుమ్ వెనక్కి తిరిగింది. వరండా నిండా గర్భిణులు. శుక్రవారం, పరీక్షల రోజు. ముప్పై మందికి పైనే, పాసుబుక్కులతో విసురుకుంటూ కూర్చున్నారు. ఆ పాడు నీళ్లు ఎక్కడున్నాయో తేలకపోతే వీళ్లలో తర్వాతి స్ట్రెచర్ ఎవరిది?

టైము పదింబావు.

* * *

“కుల్సుమ్ బిడ్డా! యార్డు బంద్ పెట్టిస్తరంట గదా?”

అంబదాస్ సేటు గొంతు మనిషికన్నా ముందే వస్తుంది. పసుపు మార్కెట్ యార్డులో కమీషన్ ఏజెంటు, దవాఖాన కమిటీ అధ్యక్షుడు. ఇవాళ పట్టు పంచె కట్టుకొచ్చాడు. వాళ్ల నాయిన పేరు మీద దవాఖాన గేటు దగ్గర చలివేంద్రం పెట్టిస్తున్నాడు. బంతిపూల దండలు వేసిన ఏడు కొత్త కుండలు, మీద బోర్డు. పన్నెండింటికి ఓపెనింగు.

“బంద్ అని ఎవ్వరన్లేదు సేట్‌సాబ్. కానీ పడిపోయినోళ్లంత యార్డుల పసుపు ఏరే ఆడోళ్లే. ముప్కాల్, ఏర్గట్ల, ఆర్మూర్... ఊర్లు వేరు, ఊరి నీళ్లు వేరు. అందరు కలిసేది మీ యార్డులనే.”

“ఇది సీజన్ బిడ్డా! ఒక్క దినం గేటు మూస్తె రైతు నెత్తిన గుడ్డేస్కోవాలె.” అంబదాస్ చెమట తుడుచుకున్నాడు. “నీళ్లు మాయే అని తేల్చు, నా చేత్తోని నేనే తాళమేస్త. తేల్చకుండ మాత్రం మా మీద మన్ను పొయ్యకు.”

మాట న్యాయంగానే ఉంది. కుల్సుమ్ స్కూటీ తాళాలు తీసింది. అంకిత వెనక ఎక్కింది.

మార్చి నెల యార్డంటే పసుపు తుఫాను. కుప్పలు, బస్తాలు, గడగడమని తిరిగే పాలిష్ డ్రమ్ములు. గాలి కూడా పచ్చగానే ఉంది. తాగునీటి ట్యాంకు కింద అంకిత చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి ఊపింది. నీళ్లు పచ్చబడ్డాయి.

“అయ్యో, పసుపు కలిసిందా మేడం?” అన్నాడొక హమాలీ.

“పచ్చబడితే మంచి నీళ్లని అర్థం. క్లోరిన్ ఉంది.”

“మా ఆర్మూర్ల అన్ని గంతే. పచ్చగుంటేనే మంచిది!”

హమాలీలంతా నవ్వారు. కుల్సుమ్‌కు నవ్వు రాలేదు. “మీరంత గీ నీళ్లే తాగుతరా?”

“పొద్దంత గివే అక్కా. పొద్దుగూకినంక మా నీళ్లు వేరే.”

మళ్లీ నవ్వులు. నూట యాభై మంది హమాలీలు, పొద్దంతా ఇవే నీళ్లు. ఒక్కడికీ కామెర్లు లేవు. పసుపు ఏరే ఆడవాళ్లు కూడా మూడొందల మంది దాకా ఉన్నారు. అందులో జబ్బు పడింది ఇరవై పైచిలుకే. మిగతా వాళ్లు చాట చెరుగుతూ దిట్టంగా ఉన్నారు.

“యార్డు నీళ్లయితే ఇట్లా ఉండదు,” అన్నది అంకిత. “అందరికీ అంటుకోవాలి. ఎవరో ఏరి ఏరి పట్టుకున్నట్టుంది.”

తిరిగొస్తుంటే కుల్సుమ్ మనసులో ఇంకో ముల్లు కదిలింది. మొట్టమొదటి రోగి భాగ్యవ్వ. పన్నెండు రోజుల కింద వచ్చి, “కండ్లు పచ్చగైనయ్ సిస్టరమ్మా, ఉచ్చ గూడ పచ్చగొస్తుంది,” అన్నది. అప్పుడు కుల్సుమ్ ఏమన్నది? “పసుపు పని జేసేటోళ్లకు పచ్చగాక నల్లగొస్తదా అవ్వా? సబ్బుపెట్టి మొకం గడుగు, పో.” సీజన్‌లో ఊరంతా పచ్చగానే ఉంటుంది. చేతులు, బట్టలు, చెమట అన్నీ పచ్చనే. ఇంకే ఊళ్లోనైనా ఆ మాట అన్న నర్సును పట్టుకుని తిడతారు. ఆర్మూర్‌లో ఎవరూ తిట్టలేదు. భాగ్యవ్వ కూడా నిజమేనని నవ్వుకుంటూ పోయింది. ఎనిమిది రోజుల తర్వాత మోసుకొచ్చారు.

రంజాన్ రోజా ఉపవాసంతో గొంతు ఎండిపోయి మండుతోంది. టైము పదకొండు దాటింది.

* * *

వార్డులో కుల్సుమ్ కేసు షీట్లన్నీ మంచం మీద పరిచింది. ముప్కాల్ ఏడు, ఏర్గట్ల ఆరు, ఆర్మూర్ ఏడు. ఇరవై. ఇంకొకటి?

నవీపేట్.

“నవీపేట్ ఎక్కడ, ఆర్మూర్ ఎక్కడ!” అన్నది అంకిత. “అంత దూరం నుంచి రోజూ పసుపు ఏరడానికి ఎవరొస్తారు?”

పద్దెనిమిదో మంచం. నర్సవ్వ, యాభై ఏళ్లు. ఒళ్లంతా పచ్చబడినా నోటికి మాత్రం జబ్బు రాలేదు.

“నేనా? పసుపు పనికా? మాది వరి, సిస్టరమ్మా. నాట్లేసే చేతులివి. గా పచ్చ దుమ్ము నా ముక్కుల వోతే తుమ్మి తుమ్మి సస్త.”

“మరి యార్డుకు ఎప్పుడొచ్చినవ్ అవ్వా?”

“యార్డు మొకమే చూడలె. మా చెల్లె ఇంటికి ఒక్క దినం వచ్చిన. పొద్దుగాల వచ్చిన, మాపటికి బస్సెక్కిన.”

“ఏ దినం?”

“గదేనమ్మా, నాటకం దినం! మా చెల్లె ‘దా అక్కా, మంది తక్కువున్నరంట, ఊకెనే పండుకుంటె సగం దినం కూలి ఇస్తరంట’ అని దవాఖానకు గుంజుకొచ్చింది. మర్చిపోయినవా? నా కాలిరిగిందని నువ్వే గద కట్టుగట్టినవ్! నా పక్కదానికి ఎర్ర చీటీ, నాకేమో పచ్చ చీటీ. కాలిరిగినా విలువ లేకపాయె!” నర్సవ్వ నవ్వబోయి దగ్గింది. “మజ్జిగ మాత్రం మస్తుగ చేసిన్రు. మూడు గ్లాసులు తాగిన.”

కుల్సుమ్ మంచం అంచు గట్టిగా పట్టుకుంది.

నాటకం. జనవరి ఆఖరున, అంకిత మార్కులు వేయడానికి వచ్చిన రోజు, దవాఖాన ఆడిన మాక్ డ్రిల్లు. యార్డులో షెడ్డు కప్పు కూలిందని, నలభై మందికి దెబ్బలు తగిలాయని ఒక కల్పిత ప్రమాదం. నలభై మంది ఉత్తుత్తి రోగులు కావాలి. యార్డు నుంచి ఆడవాళ్లను పిలిపించారు. గర్భిణి వేషానికి నిజం గర్భిణే ఉండాలని పట్టుబట్టి గంగామణిని తెచ్చింది కుల్సుమే. ఎర్ర చీటీ, పసుప్పచ్చ చీటీ, ఆకుపచ్చ చీటీ. ఎర్రదైతే వెంటనే చూడాలి, ఆకుపచ్చదైతే ఆగగలరు. పదకొండు నిమిషాల్లో నలభై మందినీ సర్దేశారు. అంకిత నిలబడి చప్పట్లు కొట్టింది.

కుల్సుమ్ ఆఫీసు గదికి ఉరికింది. డ్రిల్లు రిజిస్టరు తీసింది. ఎవరికి ఏ చీటీ, ఏ ఊరు, ఏ ఫోన్ నంబరు, అంతా ఆమె చేతిరాతే. అంకిత కేసు షీట్ల పేర్లు చదువుతుంటే, ఒక్కో పేరు పక్కన టిక్కు పెడుతూ పోయింది.

ఇరవై ఒక్క టిక్కులు. ఒక్క పేరు కూడా తప్పిపోలేదు.

అంకిత వేళ్ల మీద లెక్కపెట్టింది. “ఇవాళ్టికి నలభై రెండు రోజులు. ఈ జబ్బు బయటపడటానికి అటూ ఇటుగా అంతే పడుతుంది. కుల్సుమ్ గారూ, ఆ రోజు వీళ్లు ఏం తిన్నారు?”

“తిండి ఏం పెట్టలే. మజ్జిగ ఇచ్చినం.” పెరుగు బజారుది. అదే పెరుగు కమిటీ వాళ్లూ స్టాఫూ అన్నంలో తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. మిగిలింది నీళ్లు. “భోజన్నా! ఓ భోజన్నా!”

మోటారు, ట్యాంకులు, గేటు అన్నీ చూసుకునే భోజన్న తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“డ్రిల్లు దినం మజ్జిగల నీళ్లు ఏడికెల్లి తెచ్చినవ్?”

“ఎనక పాత సంపుల నుంచి మేడం.”

“పాత సంపా? అవి బండలు కడిగే నీళ్లు గద! ఎవరు పొయ్యమన్నరు?”

భోజన్న తెల్లమొహం వేశాడు. “మీరే గద మేడం.”

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండునన్నంత స్పష్టంగా. ఫిల్టర్ నీళ్ల క్యాన్లు ఖాళీ. అంకిత కారు ఊరి పొలిమేరలోని పెర్కిట్ దాటిందని ఫోను. నలభై మంది ఎండలో కూర్చుని ‘ఏమన్న తాగనీకి ఇయ్యిన్రి’ అని గోల. భోజన్న వచ్చి అడిగాడు, ‘క్యాన్లు లెవ్వు మేడం, సంపుల చల్లగున్నయ్, తేనా?’ అని. చీటీలు రాస్తున్న కుల్సుమ్ తలెత్తకుండానే అన్నది, ‘నీళ్లు నీళ్లే. జల్ది తే పో.’

అంకిత తన ట్యాబ్ తెరిచింది. వేలు ఆడిస్తూ ఒకచోట ఆగిపోయింది.

“నలభై ఒకటో ప్రశ్న. నల్లా నీళ్లు ఆగిపోతే వేరే నీటి వసతి ఉందా? ఉంది. అయిదుకు అయిదు మార్కులు.” ఆమె ఫోటో చూపించింది. పాత సంపు మూత. “నేను మూత ఫోటో తీసుకున్నాను. మూత ఎత్తలేదు.”

ఇద్దరూ వెనక్కి పరుగెత్తారు. సంపుకు నాలుగడుగుల్లో లెట్రిన్ల ట్యాంకు. దాని గోడ పగులు నుంచి తడి చార నేల మీద పాకి, సంపు అంచు కింద మాయమైంది. మూత ఎత్తితే లోపల నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి. చూస్తే ఎవరికైనా దోసిలి పట్టాలనిపిస్తుంది.

“భోజన్నా, నిజం చెప్పు. గా దినం తర్వాత ఇవి ఇంకెవరికన్న తాగనీకి పోసినవా?”

“అల్లా తోడు, లేదు మేడం.” భోజన్నకు ఎవరి ముందు ఎవరి దేవుడి మీద ఒట్టు వేయాలో బాగా తెలుసు. “అన్నిటికి నల్లా నీళ్లే. ఇయ్యాల పొద్దుగాల నల్లా రాలేదు. సేట్‌సాబ్ కుండలు నింపాలె, టైమైతుందన్నడు. గప్పుడు మీరు సరేనన్నరు గద అని...”

మాట పూర్తి కాలేదు. గేటు వైపు నుంచి చప్పట్లు వినబడ్డాయి.

పన్నెండు.

* * *

నలభై అయిదేళ్ల మనిషి, రోజా ఉన్న మనిషి అట్లా పరుగెత్తడం దవాఖానలో ఎవరూ చూసి ఉండరు. స్టూలు తన్నేసింది. చెప్పు ఊడిపోతే వదిలేసింది. వరండా మెట్లు మూడూ ఒక్క దూకులో దిగింది.

గేటు దగ్గర రిబ్బను కత్తిరించడం అయిపోయింది. గర్భిణులందరినీ వరస నిలబెట్టారు. కడుపుతో ఉన్నవాళ్లకు మొదటి గ్లాసు ఇస్తే పుణ్యమని అంబదాస్ సేటే ఇత్తడి గ్లాసు నింపి ముందున్న పిల్లకు అందించాడు. ఆ పిల్ల దండం పెట్టి, గ్లాసు పెదవుల దాకా ఎత్తింది.

కుల్సుమ్ చెయ్యి గ్లాసును కొట్టింది. అది ఎగిరి గేటుకు తగిలి ఖణేల్‌మన్నది.

“ఎవ్వరు తాగొద్దు! ఒక్క చుక్క గూడ!”

మరు క్షణం మొదటి కుండను రెండు చేతులా తోసేసింది. భళ్లుమన్నది. రెండోది. మూడోది. అంకిత వచ్చి మిగిలినవి పడేసింది. ఏడు కుండల నీళ్లూ బంతిపూలను మోసుకుంటూ మోరీలోకి పారాయి.

“పిచ్చి లేసిందా నీకు!” అంబదాస్ వణికిపోతున్నాడు. “మా నాయిన పేరు మీద పెట్టిన కుండలు! పండుగ లెక్క జేసుకుంటుంటె...”

“మీ నాయిన పేరు నిలవెట్టిన సేట్‌సాబ్,” అన్నది కుల్సుమ్ రొప్పుతూ. “అమ్మా, నువ్వు తాగినవా? ఒక్క గుక్కన్న?”

“లేదు సిస్టరమ్మా. మూతికి గూడ తాకలె.” ఆ పిల్ల బిక్కచచ్చిపోయి చెప్పింది. వరసలో ఇంకెవరూ తాగలేదు.

అంకిత నాలుగు ముక్కల్లో అసలు సంగతి చెప్పింది. సంపు, మజ్జిగ, నలభై మంది, ఇరవై ఒక్క కేసులు. వింటున్న కొద్దీ అంబదాస్ మొహంలో కోపం పోయి భయం వచ్చింది. తన చేత్తో తాను ఇవ్వబోయిన గ్లాసు వైపు చూశాడు. మళ్లీ కోపం వచ్చింది, ఈసారి వేరే రకంది.

“అంటే మా యార్డు కాదు. మా దవాఖాననే! గిందులకెల్లి నీళ్లు పొయ్యమన్నదెవరు? పేరు చెప్పుండ్రి. గీ భోజన్ననేనా?”

జనం మూగారు. అందరి చూపూ భోజన్న మీద పడింది. అతను తువ్వాల నలుపుతూ ఒకసారి కుల్సుమ్ వైపు చూశాడు. తల దించుకున్నాడు.

“తప్పయింది సేట్‌సాబ్. నేనే...”

అతన్ని అక్కడితో ఆగనిస్తే సరిపోయేది. పంపు చూసుకునేవాడు తెలియక పోశాడు. అంతే. తొంభై మూడు మార్కుల హెడ్ నర్సు కుల్సుమ్ పేరు ఎక్కడా రాదు. కుల్సుమ్‌కు ఆ సంగతి తెలుసు. ఆమె ఇంకా నోరు తెరవకముందే ఫోను మోగింది. మల్లేష్.

“అక్కా! తెలివికొచ్చిందక్కా! గ్లూకోజ్ ఎక్కినంక తేటవడ్డది. అత్తను గుర్తువట్టింది. కడుపుల పిల్ల గుండె గూడ మంచిగ కొట్టుకుంటుందట. ఇంక రెండు మూడు దినాలు గండమే, కానీ టైముకు తెచ్చిన్రు, దక్కుతది అన్నరు డాక్టర్లు.”

“ఏమన్న మాట్లాడిందా?”

“మాట్లాడింది. ‘సిస్టరమ్మను అడుగుమను, ఈసారి నాది ఏ చీటీ’ అన్నది.”

కుల్సుమ్ కళ్లు తుడుచుకుంది. రిజిస్టరు ఇంకా చంకలోనే ఉంది. తెరిచి, టిక్కులు లేని పేర్ల మీద వేలు ఆడించింది. పందొమ్మిది మంది. ఊరు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. ఈ రిజిస్టరే లేకుంటే వాళ్లను మూడు మండలాల్లో ఎక్కడని వెతికేవాళ్లు?

“పందొమ్మిది మంది మిగిలిన్రు. పొద్దుగూకేలోపల అందరికి రక్తపరీక్ష కావాలె. సేట్‌సాబ్, మీ యార్డు బండ్లు రెండు కావాలె.”

“రెండెందుకు, నాలుగు తీస్కో.” అంబదాస్ జేబులోంచి తాళాలు తీశాడు, కానీ చేతిలోనే పట్టుకున్నాడు. “ముందు గా పేరు చెప్పు బిడ్డా. కమిటీకి నేను జవాబు చెప్పాలె.”

అంకిత ట్యాబ్‌లో కొత్త పేజీ తెరిచింది. పాత తొంభై మూడు మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది. గీత కింద తన సంతకమూ చేసింది. “మూత ఎత్తని తప్పు నాది. అది రాశాను,” అన్నది మెల్లగా. “కారణం అనే గడి మిగిలింది. ఏం రాయమంటారు?”

భోజన్న మళ్లీ నోరు తెరవబోయాడు. కుల్సుమ్ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది. వరసలో నిలబడ్డ ముప్పై మంది గర్భిణులూ ఆమె వైపే చూస్తున్నారు. ఇవాళ ఈ పేరు దాచితే, రేపు ఇంకో భోజన్న ‘నీళ్లు నీళ్లే’ అనుకుని ఇంకో కుండ నింపుతాడు.

“ఈయన అడిగిండు. అడగకుండ పొయ్యలె,” అన్నది, వెనక వరసకు కూడా వినబడేటట్టు. “పొయ్యమన్నది వేరేటోళ్లు. భాగ్యవ్వ కండ్లు పచ్చగైతే పసుపేనని ఎల్లగొట్టింది గూడ వాళ్లే. రాయండి మేడం, హెడ్ నర్సు కుల్సుమ్.”